మాస్టారు మార్చిన పెట్టె

3, శనివారం

అన్నయ్య గుర్తు ఖాయమైంది. ఇస్త్రీపెట్టె. ఇస్త్రీ షాపు నడుపుకునే మనిషికి చీటీల్లో ఇస్త్రీపెట్టే రావడం చూసి ఎన్నికల ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారట. వీధి మొదట్లోంచే కేకలేసుకుంటూ వచ్చాడు.

"బుల్లీ, ఈ గుర్తు నాన్నే పంపాడే" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. వార్డు మెంబరుగా నిలబడతానన్నప్పటినుంచి మా అన్నయ్యకి కన్నీళ్ళు మరీ పైపైనే ఉంటున్నాయి.

నాన్న వాడిన ఇత్తడి బొగ్గులపెట్టె షాపు అలమరాలో ఉంటుంది. ఇప్పుడు దాంట్లో ఎవరూ బొగ్గులు వెయ్యరు. అయినా రోజూ పొద్దున దాని పిడి పట్టుకుని, ఒకసారి ఎత్తి దించితే గానీ అన్నయ్య కరెంటు పెట్టె స్విచ్చి వెయ్యడు. ప్రచారానికి దాన్ని మోసుకుంటూ ఇంటింటికీ తిరుగుతాడట. చెయ్యి పీకేస్తుంది అన్నయ్యా అంటే వినడు.

వదిన ఒక్కటే అడిగింది. "గెలిస్తే షాపు ఎవరు చూస్తారు?" అన్నయ్య విననట్టు నటించాడు.

6, మంగళవారం

మా మాస్టారికి ఎన్నికల డ్యూటీ పడింది. పడితే పడింది, అన్నయ్య వార్డులోనే, అన్నయ్య షాపు పక్కనున్న ఆయన సొంత బళ్ళోనే పడింది. అభ్యర్థి నా భార్యకి అన్నగారు, నన్ను వేరేచోట వెయ్యండి అని రాసిచ్చి వచ్చారు. వేరే మనిషి లేడు, వెళ్ళండి అన్నారట.

ఇక చూడాలి ఆయన నిష్పక్షపాతం. షాపు ముందునుంచి నడవడం మానేశారు. చుట్టూ తిరిగి బడికి వెళుతున్నారు. ఇవాళ అన్నయ్య ఎదురుపడి, "టీ తాగితే కూడా తప్పేనా బావా?" అని అడిగితే, "ఓట్లయ్యాక రెండు తాగుదాం" అని తలూపి తప్పుకున్నారు. ఇంట్లో కూడా ఆ ఊపే. నాకూ పిల్లికీ సమానంగా పాలు పోస్తారేమోనని చూస్తున్నాను.

15, గురువారం

ప్రచారం అయిపోయింది. అన్నయ్య గొంతు పూర్తిగా పోయింది. పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టి, "తళతళలాడేలా తోమవే బుల్లీ. గెలిచిన రోజు దీన్ని పట్టుకుని వీధంతా తిరగాలి" అన్నాడు, సగం సైగలతో.

మధ్యాహ్నమంతా కుట్టుమిషను పక్కన పెట్టి తోమాను. పిడి మీద నాన్న బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి గుంటపడి ఉంటుంది. అందులో నా వేలు పెట్టి చూసుకున్నాను. నాకు వదులు. అన్నయ్యకైతే సరిగ్గా సరిపోతుంది.

రేపు పొద్దున షాపులో ఇచ్చేస్తే సరి. బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టాను, ఇటు చివర.

16, శుక్రవారం

పెట్టె విరిగింది.

17, శనివారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను.

డ్యూటీ సంచీ భుజానికి తగిలించుకుంటూ మాస్టారు గబుక్కున తిరిగారు. సంచీ తగిలి పెట్టె కింద పడింది. పిడి రెండు ముక్కలు, మూత ఊడిపోయింది, ఇత్తడికి చెయ్యంత సొట్ట. ఏడుద్దామనుకున్నాను గానీ ఆయన ముఖం చూస్తే నా ఏడుపు ఎటో పోయింది.

"నేనే వెళ్ళి మీ అన్నయ్యకి చెబుతాను" అన్నారు.

వద్దన్నది నేను. తెల్లారితే ఓట్లు, ఈ పూట ఈ మాట చెబితే మనిషి కుప్పకూలిపోతాడు, అయ్యాక నేనే నెమ్మదిగా చెబుతాను అన్నాను. ఆయన సరేనని బయల్దేరారు. దారిలో పాతసామాన్ల కొట్లో అచ్చం దాని కవల కనిపించిందట. కొనేశారు. అన్నయ్య ఊరంతా దండాలు పెట్టుకుంటూ తిరుగుతున్నాడు, వదిన భోజనానికి ఇంటికి వెళ్ళింది. షాపు తాళంచెవి మా దగ్గర కూడా ఒకటి ఉంటుంది. తీసి, పెట్టెని అలమరాలో పెట్టి, తాళం వేసి, పక్కనే ఉన్న బడి వరండాలోకి వెళ్ళి నాకు ఫోన్ చేశారు.

"పెట్టె మార్చేశాను. ఎవరూ చూడలేదు. అచ్చం అలాగే ఉంది, ఎవరికీ అనుమానం రాదు."

ఆ గొంతులో ఎంత గర్వమో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దొంగపని చేసిన మనిషి గొంతు. మా మాస్టారు నాకు అంత ముద్దొచ్చి చాలా రోజులైంది.

ముక్కలు పాతగుడ్డలో మూటకట్టి మిషను కింద దాచాను.

ఇవాళ ఓట్లు. గొడవల్లేవు. వదిన అన్నయ్య తరఫు ఏజెంటుగా రోజంతా బూత్‌లో కూర్చుంది. చివర్లో ఓట్ల పెట్టెకి సీలు వేసి, ఆ సీలు కాగితం మీద ఏజెంట్లందరి చేత సంతకాలు పెట్టించారట. "మీ ఆయన నన్ను 'ఏజెంటుగారూ, దయచేసి ఇక్కడ' అన్నారమ్మాయ్. అన్నయ్యగారూ, నేనండీ అందామనుకున్నా, భయమేసింది" అని పడీపడీ నవ్వింది.

అన్నయ్యకే వేశాను.

20, మంగళవారం

ఓడిపోయాడు. దగ్గరగా వచ్చి ఓడిపోవడం కాదు, బాగానే ఓడిపోయాడు. మందులషాపు ఆయన గెలిచాడు. అన్నిటికంటే తక్కువ ఓట్లు మా బడి బూత్‌లోనే.

"నా వీధిలో నాకు ఓట్లు లేవంటే నమ్మమంటావా?" అని వదినని అడుగుతూనే ఉన్నాడు. "పిల్లల పేర్లు పెట్టమని నా దగ్గరికొస్తారు. ఇంట్లో దెబ్బలాడుకుంటే నా దగ్గరికొస్తారు. ఓటు ఒక్కటే నాకు రాదా?"

బేకరీ ఆవిడ గౌను కుట్టించుకోవడానికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నా చెవిలో చెప్పింది. "మీ అన్నయ్యంటే మాకు ప్రాణం. కానీ గెలిస్తే షాపు కట్టేస్తాడు కదా? మా ఆయన చొక్కా కాలరు అలా ఇంకెవరు చేస్తారు?" మా పక్కింటివాళ్ళది కూడా అదే ఆలోచనట. ఆ పైవాళ్ళది కూడా.

ఇది అన్నయ్యకి ఎలా చెప్పడం? పెట్టె సంగతి కూడా చెప్పే రోజు కాదు ఇవాళ. కాస్త కుదుటపడనీ.

నేను అన్నయ్యకే వేశాను కదా.

22, గురువారం

మైకు వచ్చి కొంప ముంచాడు. మైకు అంటే అన్నయ్య స్నేహితుడు, ఆటోలో మైకు పట్టుకుని ప్రచారం చేసినవాడు. మైకు లేకపోయినా అతని గొంతు అంతే ఉంటుంది. షాపు ముందు నిలబడి వీధంతటికీ వినిపించేలా రహస్యం చెప్పాడు.

"ఓట్ల ముందురోజు బడి గోడకి కట్టిన స్పీకరు విప్పుతున్నా. మాస్టారు వరండాలో ఫోన్లో అంటున్నారు, పెట్టె మార్చేశాను, ఎవరూ చూడలేదు, ఎవరికీ అనుమానం రాదు అని. ఈ చెవులతో విన్నా."

"బావా? బావ ఎందుకు మారుస్తాడు?" అన్నాడట అన్నయ్య.

"సొంత మనిషికి మేలు చేశాడని ఎవరన్నా అంటారేమోనని. అందుకని అవతలివాడి పెట్టె పెట్టేశాడు. నిష్పక్షపాతం!"

వదిన వచ్చి ఇదంతా చెబుతుంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. ఆ ఫోన్ ఇవతల ఉన్నది నేనే అని ఒక్క మాట అనేస్తే అయిపోయేది. వదిన టీ తాగి వెళ్ళిపోయింది.

24, శనివారం

మైకు మాట ఫోన్లలో ఊరంతా తిరుగుతోంది. తిరిగినకొద్దీ పెరుగుతోంది. ఒక పెట్టె మూడు పెట్టెలైంది, మూడు పెట్టెలు లారీ అయ్యాయి. ఓట్లు వేసేటప్పుడు కావాలని కరెంటు తీశారన్నారు. పట్టపగలు, కాగితం మీద ముద్ర వెయ్యడానికి కరెంటెందుకో ఎవరూ అడగలేదు. వేలికి పూసిన సిరా నిమ్మకాయతో పోతుందన్నారు. నేనూ రుద్ది చూశాను. పోలేదు, నిమ్మకాయ దండగైంది.

అన్నయ్య వీటన్నిటికీ తలూపుతున్నాడట. చిన్నప్పుడు నేను బొమ్మ పోగొట్టుకుంటే ఊరంతా వెతికి తెచ్చిన అన్నయ్య.

రేపు చెబుతాను.

27, మంగళవారం

అన్నయ్య ఫిర్యాదు ఇచ్చాడు. విచారణ తేలేదాకా బడికి రావద్దని మాస్టారికి కాగితం వచ్చింది.

సామాన్లు తెచ్చుకుందామని బడికి వెళితే గోడ మీద సుద్దముక్కతో 'దొంగ ఓట్ల మాస్టారు' అని రాసి ఉందట. వచ్చి కుర్చీలో కూర్చుని, "ఒత్తు తప్పులేకుండా రాశారు. నా క్లాసు పిల్లలే" అన్నారు. నవ్వించాలని చూశారు. నేను నవ్వాను. తర్వాత ఆయన భోజనం ముట్టుకోలేదు.

"అసలు సంగతి నేను చెప్పేస్తాను" అన్నారు.

"ఏమని? మీరు మార్చింది ఇస్త్రీపెట్టె అనా? అన్నయ్య గుర్తే ఇస్త్రీపెట్టె. విన్నవాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అన్నయ్య నోటివెంట వస్తేనే నమ్ముతారు. నేను అన్నయ్యకి చెబుతాను."

"ఎప్పుడు?"

"రేపు."

ఆయన ఎదురు మాట్లాడలేదు. ఒకసారి మాట ఇస్తే అంతే ఈ మనిషి. నేను విడిపిస్తే తప్ప నోరు తెరవడు. నన్ను కోప్పడినా బాగుండేది.

28, బుధవారం

పొద్దున్నే షాపుకి వెళ్ళాను. నోటిదాకా వచ్చింది. అన్నయ్య తలెత్తలేదు, నన్ను పలకరించనూ లేదు. నాన్న పెట్టె ముట్టుకోకుండానే స్విచ్చి వేశాడు. ఓడిపోయాక ఆ అలవాటు కూడా పోయినట్టుంది. ఇస్త్రీ బట్టలిచ్చి వచ్చేశాను.

రేపు.

1, గురువారం

రేపు.

2, శుక్రవారం

విచారణ జరిగింది. నేనూ వెళ్ళాను. అన్నయ్య ఒక పక్క, మాస్టారు ఒక పక్క, నేను మధ్యలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తాళం వేసిన గదిలోంచి ఓట్ల పెట్టె తెచ్చి అందరి ముందూ పెట్టారు. ఓట్ల రోజు రాసుకున్న నంబరూ, పెట్టె మీద నంబరూ ఒకటే. లెక్కింపు రోజు తెరిచిన సీలు కాగితం, దాని మీద ఏజెంట్ల సంతకాలు అన్నీ చూపించారు. విచారణకొచ్చిన ఆఫీసరు వదినని పిలిచి, ఇది మీదేనా అని అడిగారు.

"నాదే. చివర తోక చూడండి. పెన్ను రాయకపోతే దులిపి దులిపి గీశాను" అంది వదిన.

"సంతకం కూడా మార్చేసి ఉంటారు" అన్నాడు అన్నయ్య.

వదిన అటు తిరిగి, "అయితే నన్ను కూడా మార్చేశారేమో. ఇంటికెళ్ళాక సరిగ్గా చూసుకో" అంది.

గదిలో అందరూ నవ్వారు, ఆఫీసరు కూడా. అన్నయ్య నవ్వలేదు. అతని ముఖంలో కోపం కూడా లేదు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. ఓటమి ఒక్కదానికే ఇంతలా అయిపోతాడా అనిపించింది.

సోమవారం అన్నయ్య ప్రమాణం చేసి సంతకం పెడితే వ్యవహారం కోర్టుకి వెళుతుందట. కోర్టు అంటే ఏళ్ళు. అన్నాళ్ళూ మాస్టారు ఇంట్లోనే. వద్దనుకుంటే ఈలోగా వెనక్కి తీసుకోవచ్చు.

ఇంటికొచ్చాక మాస్టారు నా మిషనుకి నూనె వేశారు. నిన్ననే వేశారు, మళ్ళీ వేశారు.

4, ఆదివారం

చెప్పేశాను.

మూట చంకలో పెట్టుకుని షాపు తెరిచే వేళకి వెళ్ళాను. అన్నయ్య అప్పుడే ఒక తెల్ల చొక్కా బల్ల మీద పరిచి పెట్టె ఆనించాడు. మూట ఆ పక్కనే పెట్టి ముడి విప్పాను.

అన్నయ్య పిడి ముక్క తీసుకుని గుంటలో బొటనవేలు పెట్టుకున్నాడు. సరిపోయింది.

"ఇన్నాళ్ళు పట్టిందా బుల్లీ?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"ఓట్ల రోజు పొద్దున పెట్టె ఎత్తుదామని చెయ్యి వేశా. వేలు ఆనలేదు. ఇది నాన్నది కాదని అప్పుడే తెలిసింది." గొంతు ఇంకా పూర్తిగా రాలేదు అతనికి. "తోమడానికి తీసుకెళ్ళింది నువ్వు. నువ్వే మార్చావనుకున్నా. విరిగిందో, పోయిందో, ఏదో చెబుతుందిలే అని చూశా. ఓట్లయిపోయాయి. ఓడిపోయా. నువ్వు రోజూ వస్తావు, బట్టలిస్తావు, నా కళ్ళల్లోకి చూసి వెళ్ళిపోతావు. బుల్లే నా దగ్గర దాచగలిగితే ఇంక నాకు ఎవరు నిజం చెబుతారు? మైకు వచ్చి బావ పెట్టె మార్చాడంటే, అదేం కాదులే అని నోరు రాలేదు. అన్నీ మారిపోయినట్టే అనిపించింది."

నేను ఏడుస్తూనే చెప్పాను. "నేను కాదు అన్నయ్యా, మార్చింది మాస్టారే. సంచీ తగిలి పడిపోయింది. నేను చెబుతానంటే ఆయన ఆగారు. పాతసామాన్ల కొట్లో ఇలాంటిదే కొని, ఇక్కడ పెట్టి, బడి వరండాలోంచి నాకు ఫోన్ చేశారు. పెట్టె మార్చేశాను, ఎవరూ చూడలేదు, ఎవరికీ అనుమానం రాదు అని. అదీ మైకు విన్నది. ఇవతల ఉన్నది నేనే."

నేను ముక్కు తుడుచుకుంటున్నాను. అప్పుడు కాలిన వాసన వచ్చింది. ఇద్దరం ఒకేసారి బల్లవైపు చూశాం. తెల్ల చొక్కా వీపు మీద పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ. షాపు పెట్టాక అన్నయ్య కాల్చిన మొదటి చొక్కా.

"ఎవరిది?" అన్నాను.

"మందులషాపు ఆయనది" అన్నాడు. గెలిచినాయన. రేపు ప్రమాణ స్వీకారానికి వేసుకోవాలని పంపాడట.

ముందు అన్నయ్యకే నవ్వొచ్చింది. "ఓడిపోయిన కక్షకొద్దీ కాల్చాడంటారే ఇప్పుడు" అని నవ్వుతూ స్టూలు మీద కూలబడ్డాడు. "బావ... తాళం తీసి... దొంగలా... మన బావే?" అని ఆగి ఆగి నవ్వాడు. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది. దగ్గరికెళ్ళి తల పట్టుకున్నాను. మా అన్నయ్య జుట్టు ఎప్పుడూ ఇస్త్రీ బట్టల వాసనే.

"ఉద్యోగం పోగొట్టుకోడానికైనా సిద్ధపడ్డాడు గానీ నీ మాట దాటలేదు చూశావా?" అన్నాడు. "నేనేమో ఆ మనిషి మీద కాగితం పెట్టా."

6, మంగళవారం

నిన్న అన్నయ్య వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. జరిగిందంతా రాసిచ్చాడు. వస్తూ వస్తూ మైకు ఆటో ఎక్కి, మైకు చేతిలోంచి మైకు లాక్కుని, వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా తనే చెప్పాడు. నేను కిటికీలోంచి విన్నాను.

"పెట్టె మారిన మాట నిజం. అది మా నాన్న ఇస్త్రీపెట్టె. ఓట్ల పెట్టె కాదు. మా బావ ఏ తప్పూ చెయ్యలేదు. నాకు ఓట్లు తక్కువొచ్చాయి, అందుకని ఓడిపోయాను. మందులషాపు ఆయనకి కొత్త చొక్కా కొనిచ్చాను, అది కూడా కావాలని కాల్చింది కాదు."

కొందరు ఇంకా ఆ లారీ సంగతేమిటని అడుగుతున్నారట. వాళ్ళ దగ్గరికి అన్నయ్య ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెబుతున్నాడు. ఓట్లడిగినప్పటికంటే ఎక్కువ తిరుగుతున్నాడు.

9, శుక్రవారం

మాస్టారు బడికి వెళ్ళారు. షాపు ముందునుంచే. పిల్లలు గోడ కడిగి పెట్టారట, సుద్ద పోయింది గానీ తడి మచ్చ మిగిలిందని చెప్పారు.

సాయంత్రం అందరం షాపులో కలిశాం. బాకీ ఉన్న రెండు టీలు మాస్టారు వరసగా తాగారు. నాన్న పిడి ముక్కల్ని అన్నయ్య అలమరాలో కొత్త పెట్టె పక్కనే పెట్టాడు. అతికించనట. పొద్దున మొదట ఆ ముక్కని ముట్టుకుని, తర్వాత కొత్త పెట్టెని ఎత్తి దించుతున్నాడని వదిన చెప్పింది. కొనుక్కొచ్చినది మాస్టారు కాబట్టి దానికీ మర్యాద చెయ్యాలట.

నేను తెచ్చిన బట్టలు లెక్కపెట్టుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు. "బుల్లీ, నువ్వు పెట్టెకే వేశావు కదా?"

"పెట్టెలోనే వేశాను అన్నయ్యా" అన్నాను.

లెక్క ఆగింది. "పెట్టెకా, పెట్టెలోనా?"

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "ఓటు రహస్యం బావా. ఆ ప్రశ్న అడగకూడదు."

వదిన నావైపు చూసింది. నేను పిన్నుల డబ్బా మూత తీసి, వేసి, మళ్ళీ తీశాను. అన్నయ్య పైనున్న గౌను తీసి బల్ల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించాడు. కుచ్చులు ఒక్కొక్కటీ వేలితో సర్దుకుంటూ వచ్చాడు. ఆ పని అతనిలా చేసేవాళ్ళు నిజంగానే లేరు.

"గెలిస్తే షాపు మూసేస్తాననుకున్నావా, పిచ్చిమొహమా" అన్నాడు.

నేను పిన్నుల డబ్బా మూత వేసేశాను. అతను మళ్ళీ అడగలేదు, రెండో గౌను అందుకున్నాడు.